కొలతకు నిలువని దిబ్బ

దిగిన దినమే కొలిచిన.
నవ్వకుండ్రి, టైలర్ను, కొలవకుంటే నాకు తోచదు.
పొడుగు నలభై ఏడు టేపులు,
నడుము కాడ పదిహేను.
ఇంక కత్తెర పెట్టని తాను లెక్క
కృష్ణ నడుమ పరిచిన ఇసుక.

అచ్చంపేటల బడి యూనిఫారాలు
రెండొందల ముప్పై జతలు కుట్టినంక
సబేరా అన్నది,
"ఇంకొక్క కాజ కుట్టమంటే సచ్చిపోత."
గల్లపెట్టె బోర్లించినం. షట్టరు దించినం.
సోమశిల రేవుల ఉశన్న పుట్టి ఎక్కినం.

మూడు రోజులు.
ఏం జేసిన్రంటే ఏం జెప్పాలె?
సబేరా తొమ్మిదింటిదాంక పండింది,
పెండ్లయినంక ఇదే మొదటిసారట.
నేను చెప్పులు ఏడ ఇడిసిన్నో మరిచిన.
జొన్నరొట్టె, ఎండుశాపలు, ఇసుక
మూడూ కలిపే తిన్నం.

ఈ పొద్దు తెల్లారకముందే
ఉశన్న వచ్చి కూసున్నడు.
మాట్లాడలే.
తెడ్డు నీళ్లల్ల గుచ్చి తీసి చూపిచ్చిండు:
రాత్రి తడి ఈడిదాంక, ఇప్పుడు ఈడిదాంక.
జూరాల గేట్లెత్తిన్రట.
"పొద్దుగూకేసరికి ఇది ఉండదక్కా."

సెలవు అయిపోతదని తెలుసు.
జాగ గూడ అయిపోతదని ఎవలూ జెప్పలే.

మళ్ల టేపు తీసిన.
ముప్పై ఒకటి.
మొదటి ఉతుకుకే పొట్టిదైన జాకిట్ లెక్క
చంకల కాడ పట్టేస్తున్నది దిబ్బ.
ఆ కొసకు చేరేసరికి టేపు తడిసింది.
"ఎవలికి కుడుతవే దీన్ని?"
సబేరా నవ్వింది,
నవ్వుకుంటనే దుప్పటి మూల నా చేతికిచ్చింది.
చెరో కొస పట్టి దులిపినం.
ఎంత ఇసుక, యా అల్లా,
దిబ్బది దిబ్బకే పోసినం.

పుట్టి తిన్నగ పోదు, గిర్రున తిరుగుకుంట పోతది.
ఇడిసొచ్చిన జాగను
వద్దన్నా మళ్లమళ్ల చూపిస్తది.
మొదటి చుట్టుకు మేం పొయ్యి పెట్టిన మూడు రాళ్లు.
రెండో చుట్టుకు రెండు.
మూడో చుట్టుకు ఉశన్న వీపు అడ్డమొచ్చింది,
జరగమని నేను అనలే.

సోమవారం షట్టరెత్తిన.
శ్రావణం పెండ్లిళ్ల జాకిట్లు పన్నెండు,
అన్నీ అర్జెంటే.
మెడల టేపు ఏసుకొని మిషన్ మీద వంగిన.
జెరసేపటికే కరకరమన్నది.
బాబిన్ ఇప్పి, ఊదబోయి, ఆగిన.
సబేరా గూడ చూసింది. ఏమనలే.

ఆ పొద్దంత
చేతిసూదితోనే హెమ్మింగ్ చేసినం.