తేడా ఐదు

పెదగంట్యాడ దాటాక ఉన్న ల్యాబులో
గనగళ్ల పోలిరాజు వేళ్లకి ఇవాళ ఆరు క్లిప్పులు.
మాస్కులోకి పోయే ప్రాణవాయువుని
మర తిప్పి కొంచెం కొంచెంగా తగ్గిస్తున్నాను.
"నీళ్లల్లో ములిగినట్టుంది బావూ" అంటాడు,
వల చిక్కుకుంటే
హార్బరు అడుగుదాకా దిగొచ్చే మనిషి.

మణికట్టు దగ్గరి సన్న గొట్టంలోంచి
కాస్త తీసి రక్తాన్నే అడిగాను:
ఎనభై ఎనిమిది అంది.
క్లిప్పునడిగాను:
తొంభై మూడు, పచ్చ లైటు వెలిగించి మరీ.
నిన్న ఎమ్వీపీ కాలనీ కుర్రాడి తెల్లటి వేలి మీద
ఇదే క్లిప్పు ఒక్క అంకె తప్పలేదు.

కాగితంలోకి తొంగిచూశాడు పోలిరాజు.
"ఏటి బావూ, నా నలుపుకి నెక్క తప్పీసిందేటి?"

జవాబు తెలుసు. చెప్పలేదు.
ఆ ఏడాది కేజీహెచ్ గేటు దగ్గర
ఇలాంటి క్లిప్పే పట్టుకుని
"తొంభై మూడమ్మా, ఇంటికెళ్లిపో" అన్నది నేనే.
మంచుగడ్డల్లో నానిన వేళ్లు,
గోళ్ల సందున చేప పొలుసు.
ఎంత నలుపో
ఇప్పుడు గుర్తు తెచ్చుకుంటున్నాను.

తేడా గడిలో ఐదు వేసి
మర పూర్తిగా తెరిచాను.
పోలిరాజు రొమ్ము నిండా పీల్చుకున్నాడు.

ఆమె పేరు
నేను అడగనేలేదు.