చుక్క పడ్డ చోటు

తలగడ మీద చుక్క పడుతోందంటే
తలగడకి సూటిగా పైన వెతక్కండి సిస్టరు గారూ.
నీళ్లకి అంత నిజాయితీ లేదు.
ఒక చోట దూరతాయి,
కమ్మీ వెంబడి పాక్కుంటూ పోతాయి,
ఏ మేకు తలో అడ్డొస్తే అక్కడ ఆగి
అప్పుడు మీ మీద పడతాయి.

ఆటోనగర్‌లో నా షెడ్డుకి
ఈ బండి రావడం ఇది రెండోసారి.
గుంటూరు ఆసుపత్రి వేలంలో కొన్న పాత అంబులెన్సు.
ఇందులోనే పద్దెనిమిదేళ్లు
సెలైన్ సీసా ఎత్తి పట్టుకుని నిలబడ్డారు హైమావతి గారు.
ఇప్పుడు స్ట్రెచర్ ఉన్నచోట మంచం,
సిలిండర్ ఉన్నచోట సిలిండరే,
కాకపోతే వంటది.
చెల్లెల్ని ఎక్కించుకుని ఓసారి సూర్యలంక, ఓసారి మారేడుమిల్లి.
పోయిన వారం లంబసింగిలో
ఇద్దరూ తెల్లవార్లూ గొడుగు కింద కూర్చున్నారట,
బండి లోపల.

నిచ్చెనేసి పైకెక్కాను.
రోహిణి కార్తె రోళ్లనే పగలగొడుతుంది,
రేకొక లెక్కా?
బెజవాడ ఎండకి పగలు సాగుతుంది,
రాత్రికి ముడుచుకుంటుంది.
మధ్యలో నలిగేది అతుకులో పెట్టిన బంక.
వేలితో నొక్కితే అప్పడంలా పొడి.

ఇర్మియా చేతికి స్పానరిచ్చి లోపల కూర్చోబెట్టాను.
పొడిగా ఉంటే ఒక దెబ్బ,
తడి కనిపిస్తే రెండు.
బిందెడు నీళ్లు ఒక్కసారే కుమ్మరిస్తే
ఏ కన్నం దొంగో తేలదు.
చెంబుతో, పల్లం వైపు మొదలెట్టి,
జానెడు జానెడు మెరకకి పోవాలి.
వెనక తలుపు పై అతుకు. ఠంగ్.
నిచ్చెన బోల్టులు. ఠంగ్.
గాలి కిటికీ. చాలాసేపు ఏమీ లేదు,
వీడు నిద్రపోయాడా అనుకునేలోపు, ఠంగ్.
డ్రైవరు నెత్తి మీదకి వచ్చాక
ఠంగ్ ఠంగ్.

అక్కడేముంది? నున్నటి తెల్ల రంగు.
గోరుతో గీకితే పెచ్చు లేచింది.
పెచ్చు కింద పుట్టీ, పుట్టీ కింద
రూపాయి బిళ్లంత కన్నం.
ఒకప్పుడు కుయ్యిమంటూ తిరిగిన ఎర్రదీపానికి
తీగ దిగిన దారి.
ఆ పుట్టీ ఎవరిదో నాకు తెలుసు.
మూడేళ్ల కిందట, దసరా ముందు, డెలివరీ తొందరలో
బొటనవేలితో అద్ది రంగు కొట్టించేశాను.
వేలి గీతలు ఇంకా ఉన్నాయి,
పోలీసులు అడక్కుండానే ఇచ్చిన ముద్రలా.

దిగబుద్ధి కాలేదు.
పక్క షెడ్డులో లారీ తొట్టికి వెల్డింగు చిటపటలాడుతోంది.
"దొరికిందా సుభానీ?" కింద నుంచి ఆమె.
"దొరికిందండీ. నేనే."

ఆవిడ తిట్టలేదు. చేతిలో టీ ముగించారు.
"కుట్లేసే ముందు చీము తుడిచావా అప్పుడు?" అన్నారు.
తుడవలేదు.

ఈసారి తుడిచాను.
పాత సిలికాన్ మీద కొత్త సిలికాన్ నిలవదు,
మొత్తం గీకాలి, రేకు మెరిసేదాకా.
లోపలి ప్లైవుడ్డు బూజెక్కిన మాగాయ జాడీ వాసన,
పొడి చెక్క తగిలేవరకూ కోసి పారేశాను.
రేకు ముక్క, దాని కింద బ్యుటైల్ టేపు,
పైన రోలరు, ప్రతి స్క్రూ నెత్తిన ఒక బొట్టు.
మిగిలిన అతుకులకీ కొత్త బంక,
అవి పాపం నేరం చెయ్యలేదు గానీ
వయసయింది.
ఒక రాత్రీ పగలూ ముట్టుకోవద్దన్నాను.
మృగశిరకి ముందొకసారి,
కార్తీకం తుపాన్లకి ముందొకసారి
మీరే ఎక్కి చేత్తో తడుముకోండి అన్నాను,
కళ్లకంటే వేళ్లకి ముందు తెలుస్తుంది.
ఆవిడ తన వేళ్లు చూసుకున్నారు,
నాడి పట్టిన వేళ్లు.
బిల్లులో టేపు ఖరీదు మాత్రం రాశాను.

మర్నాడు సాయంత్రం మళ్లీ ఇర్మియా లోపల,
నేను పైన, పైపుతో గంటసేపు వాన.
ఒక దెబ్బా లేదు, రెండూ లేవు.
పిలిచాను. పలకలేదు.
గుండె దడదడలాడుతూ దిగి తలుపు తీశాను.
స్పానరు కింద పడి ఉంది.
వాడు సిస్టరు గారి మంచం మీద
నోరు తెరుచుకుని నిద్ర.
మెల్లగా తల ఎత్తి
తలగడ తడిమాను.
పొడిగా ఉంది.
మూల ఒక్కటి కొంచెం చెమ్మ,
అది వాడి చొంగ.