క్యారేజీ నీడ

ఏటుకూరు రోడ్డు దాటాక, కంటైనర్ల యార్డులో
కొత్త స్కానరొచ్చింది.
కల్యాణమండపం గుమ్మమంత ఎత్తు, తెల్లగా.
లారీ దాని కిందనుంచి మెల్లగా నడిచిపోతే
నలభై అడుగుల ఇనప పెట్టె
గాజుసీసా అయిపోతుంది.

ముప్పయ్యేళ్లు ఎగుమతి కాగితాలు మోసిన గుమస్తాని.
అయిదు కాపీలు, నాలుగు ముద్రలు,
మూడు టేబుళ్లు, రెండు టీలు,
ఒక కవరు.
కవరు సంగతి రాయకూడదంటారు. రాస్తున్నాను.
దాని మీద పేరుండేది కాదు,
బరువుండేది.

మస్తాన్‌వలి అని హవల్దారు ఉండేవాడు.
చేతిలో ఇనప చువ్వ.
టిక్కీలో గుచ్చి, తీసి, ముక్కు దగ్గర పెట్టుకుని
"నిరుటి ఏసీ సరుకిది, కొత్తకాయని చెప్పకండి" అనేవాడు.
ఒకసారి చువ్వ లోపల ఠక్కుమంది.
మిరపకాయ ఠక్కుమనదు.
అడుగు వరస తీయిస్తే ఎర్రచందనం దుంగలు,
గోతాల్లో చుట్టి, పసిపిల్లల్ని పడుకోబెట్టినట్టు.
ఆ రోజు ఆయన కవరు తీసుకోలేదు.
మిగతా రోజుల సంగతి నన్నడగొద్దు.
రిటైరయ్యాక కూడా
ఆయన దగ్గు మాత్రం డ్యూటీ దిగలేదు.

కొత్త స్కానర్ తుమ్మదు.
రాత్రి రెండింటికైనా కునుకు తీయదు, టీ అడగదు.
కాగితాలు చూసే ఆఫీసరు ఏ ఊళ్లో ఉన్నాడో
ఆయనకీ నాకూ తెలియనివ్వరు.
మొహం లేదు కాబట్టి మొహమాటం లేదు.
పట్టుకుని బతిమాలడానికి
గడ్డమూ లేదు.

రోహిణి కార్తె మూడోరోజు
మా తేజ సరుకు ఎర్రదీపం దగ్గర ఆగిపోయింది.
తెర మీద మిరపకాయలన్నీ కమలాపండు రంగు పొగ.
ఆ పొగ మధ్య నీలంగా
మూడు గుండ్రాలు, ఒకదాని మీద ఒకటి.
పైన ఒక వంకీ.
బాంబన్నాడు డ్రైవరు.
బంగారమన్నాడు క్యాంటీను కుర్రాడు, ఆశగా.
ఇన్‌స్పెక్టర్ హేమనళిని, ఉద్యోగంలో చేరి ఏడు నెలలు,
తెర వంక చాలాసేపు చూసి
"సీలు తెంచండి" అంది.

మూడొందల టిక్కీలు దింపారు హమాలీలు.
యార్డు యార్డంతా దగ్గింది.
అప్పుడు బయటపడింది స్టీలు క్యారేజీ.
మూత మీద మేకుతో గీసిన పేరు: సువార్తమ్మ.
పై గిన్నెలో గోంగూర, నడిమి గిన్నెలో
నాలుగు రోజుల అన్నం, బూజుతో మెత్తగా.
అడుగు గిన్నెలో చిన్న సీసాడు కొబ్బరినూనె,
తొడిమలు తీసి తీసి మండే వేళ్లకి.

గోడౌనుకి ఫోన్ చేశాను.
క్యారేజీ పోయిన రోజు
పక్క వరసలో కూచునే పిల్లని దొంగన్నారట.
ఆ పిల్ల మర్నాటినుంచి పనికి రావడం లేదట.

హేమనళిని రిపోర్టు తెరిచింది.
దొరికిన వస్తువు ఏమిటంటుంది కంప్యూటరు:
ఆయుధమా, మత్తుమందా, బంగారమా, వన్యప్రాణా, ఇతరములా.
ఇతరములు నొక్కింది.
విలువ ఎంతంటుంది.
సున్నా కొడితే ఒప్పుకోదు.
"ఎంత వేద్దామండీ?" అంది నా వైపు తిరిగి.
పది రూపాయల సరుకుని ఆరు చేసినవాణ్ణి,
ఆరుని పదహారు చేసినవాణ్ణి,
నోట మాట రాలేదు.
ఆ అమ్మాయే ఏదో వేసింది. నేను చూడలేదు.

టిక్కీలు మళ్లీ ఎక్కించారు.
రెండోసారి పచ్చదీపం వెలిగింది,
సీలు పడింది, లారీ రేవుకి కదిలింది.

సాయంత్రం క్యారేజీ కడిగి, స్కూటరుకి తగిలించుకుని
తొడిమల షెడ్డుకి వెళ్లాను.
ఆ పిల్ల ఇల్లెక్కడని అడగబోతున్నాను.
సువార్తమ్మ మూత తీసింది,
గిన్నెలు ఒకటి, రెండు, మూడు లెక్కపెట్టుకుంది,
సీసా ఎత్తి వెలుతురులో చూసింది.

"చెంచా ఏదండీ?" అంది.