ఆఖరి పంటు

నరసాపురంలో ఫస్ట్ షో వదిలిన పావుగంటకి
రేవు నిండిపోద్ది.
నా పని టిక్కెట్టు చింపడం.
మనిషికొకటి, బండికొకటి,
బండి మీద కోడిపుంజుంటే దానికి లేదు.

సినిమా మొదటాట హాల్లో.
రెండో ఆట
నా పంటు మీద, వశిష్ట మధ్యలో, చీకట్లో.

ముందు ధనుంజయ ఎక్కుతాడు.
జుట్టులో ఇంకా కాయితం ముక్కలు,
ఈలలేసి ఈలలేసి గొంతు పోయింది.
"ఇంటర్వెల్ కాడ ఆ గొడ్డలి, అన్నయ్యా..."
అక్కడితో మాట అందక
మిగతా సినిమా అంతా చేతుల్తో చూపిస్తాడు.
పక్కనున్న పాలవాడు క్యాను వెనక్కి జరుపుకుంటాడు.

"సెకండాఫ్ సాగదీశాడు" అంటారు
లెక్కల మేష్టారు వీరభద్రంగారు.
"పన్నెండు నిమిషాలు కోసేస్తే ఇంకో రెండు వారాలాడుద్ది."
గడియారం చూసి మరీ కోస్తారాయన.

కొల్లాటి ఏడుకొండలు ఆవలించి,
"ఏసీ బాగుందండి. ఆయ్.
ఒక్కపాలి కూడా కట్టలేదు."

అవతలి హీరో కుర్రాళ్ళూ ఉంటారు, రోజూ ఉంటారు.
"మీవోడికి ఏడుపు రాదురా!"
"మీవోడికి అదొక్కటే వచ్చురా!"
చొక్కాలు పట్టుకునేదాకా వెళ్తే
పైనుంచి సరంగు పోలయ్య కేకేస్తాడు:
"ఒరే, కొట్టుకుంటే నడిమధ్యన కొట్టుకోండి,
అంతా ఓ పక్కకి చేరితే పంటు ఒరుగుద్ది!"
తిట్టుకుంటూనే చెరో పక్కకీ సర్దుకుంటారు.
గోదారి ఎవరి ఫ్యానో అడగదు,
ఎంత బరువో అడుగుద్ది.

ఇంజను పక్కన సువార్త కూర్చుంటుంది.
లేసులు అప్పజెప్పి, ఆ డబ్బుల్లోంచే టిక్కెట్టు కొనుక్కుంటుంది.
సూదీ దారం సంచిలో ఉన్నా
వేళ్ళు అల్లుతున్నట్టే కదుల్తుంటాయి.
ఓ రాత్రి ఉన్నట్టుండి అంది:
"ఆ చెల్లెలు పిల్లని వరదలో చంపడమెందుకు?
అన్నకి కోపం రావడానికో శవం కావాలి, అంతేగా."
గొడ్డలి చేతులు దిగిపోయాయి.
మేష్టారు గడియారం చూసుకున్నారు.
నాలుగు రోజులాగి మళ్ళీ వచ్చింది, మళ్ళీ చూసిందట.
"పోయేముందు ఆ పిల్ల..." అని
చెప్పబోయి ఆపేసింది.

పందొమ్మిది రాత్రులు విన్నాను.
ధనుంజయ చేతులూ మేష్టారి కోతా ఏడుకొండలు చలీ
అతుకులేసుకుంటే
చూడని సినిమా ఒకటి నా దగ్గర తయారైంది.
అందులో నీళ్ళు మాత్రం ఈ నీళ్ళే.

ఇరవయ్యోనాడు పూటసెలవు పెట్టి మ్యాట్నీకెళ్ళాను.
హాల్లో పదకొండుమందిమి.
గొడ్డలి నేననుకున్నంత లేదు.
వరద మరీ పలచన, బురద లేదు, పాముల్లేవు,
కొట్టుకొచ్చే కొబ్బరిడొక్కలు లేవు.
పన్నెండు నిమిషాలు ఎక్కడ కోయాలో నాకు తెలీలేదు.
ఆ పిల్ల మాత్రం
మునిగేముందు అన్నకేసి చూడలేదు.
ఒడ్డుకేసి చూసింది.
ఎవరో తాడు పట్టుకుని ఉంటారన్నట్టు.

ఇది పందొమ్మిది రాత్రుల్లో
ఒక్కరూ చెప్పలేదు నాకు.
ఒకామె ఆపేసింది, అంతే.

ఆ రాత్రి మలికిపురం కుర్రాడొకడు అడిగాడు,
"రేపటితో ఎత్తేస్తారంట గదండీ, ఎలా ఉంది?"
టిక్కెట్టు చింపుతూ అన్నాను:
"చూడొచ్చు. చెల్లెలు ఒడ్డెక్కుద్ది."

ధనుంజయ నోరు తెరిచాడు. గొంతు లేదు.
ఏడుకొండలు "అలాగా? నేను పడుకున్నప్పుడేమో" అన్నాడు.
మేష్టారు ఎందుకో దిద్దలేదు.
సువార్త వేళ్ళు ఆగాయి.

సఖినేటిపల్లి దీపాలు దగ్గరికొచ్చాయి.
పోటు మీదుంది నీళ్ళు, పోలయ్య ఇంజను తగ్గించాడు.
నేను ముందుకెళ్ళి
తాడు విసిరాను.