ఒకటి, మూడు, నాలుగు, రెండు

బ్రిడ్జ్‌నార్త్ దాటాక ఒక పాకలో దొరికింది.
వెనక సీట్లో కోళ్లు గుడ్లు పెడుతున్నాయి.
"ఇంజను పట్టేసింది" అన్నాడు రైతు
ఆరువందల పౌండ్లు లెక్కపెట్టుకుంటూ,
ఎవరికో నడుం పట్టేసినట్టు.
గుడ్లు మాత్రం ఇవ్వలేదు.

మోరిస్ మైనర్. పుట్టింది అరవై మూడులో.
నాకంటే పదిహేడేళ్లు పెద్దది.

డార్లస్టన్‌లో మా గరాజ్‌లో కారు పట్టదు,
ఇంజను పడుతుంది.
రాత్రంతా ఆసుపత్రిలో ఎక్స్‌రేలు తీస్తాను,
ఎవర్నీ కొయ్యకుండా లోపలికి చూడటం నా ఉద్యోగం.
పొద్దున్నే ఇంటికొచ్చి దీన్ని విప్పుతాను.
విప్పకుండా ఇది ఒక్క ముక్క చెప్పదు.

మూడు వారాలు సిలిండర్లలో డీజిల్ పోసి నానబెట్టాను.
చెక్క ఆనించి సుత్తితో ఒక దెబ్బ. ఆగి, ఇంకో దెబ్బ.
మూడు కదిలాయి. నాలుగో పిస్టన్
పెళ్లిపందిట్లో అలిగిన బావగారు.

పదమూడో నంబరు స్పానర్ నట్టు మీద జారి
నా వేలి కణుపు తోలు కాస్త ఇనుముకి పోయింది.
కంచె అవతల్నించి ఒక గొంతు:
"పదమూడు కాదబ్బాయ్, అరంగుళం."
జారిన చప్పుడే ఆమెకి చాలింది.

బెరిల్ ట్రాంటర్‌కి ఎనభై రెండు.
ఇరవయ్యారేళ్లు బోల్టుల ఫ్యాక్టరీలో తనిఖీ బల్ల దగ్గర.
ఇప్పుడక్కడ సోఫాలు అమ్ముతున్నారు.
మరని కంటితో చూడదు, బొటనవేలి గోటితో చదువుతుంది.
నా డబ్బాలో బోల్టుల్ని రెండు గుట్టలు చేసింది
బియ్యంలో రాళ్లేరినట్టు,
తుంటి ఆపరేషన్ గురించి చెబుతూనే.

ఫీలర్ గేజ్ తాటాకుల కట్టలా విచ్చుకుంటుంది.
ఆకుకో అంకె. అంతకుమించి గ్రంథం లేదు.
పన్నెండో ఆకు రాకర్ కింద
పట్టీ పట్టనట్టు జారాలి.
పట్టు ఎంతుండాలి అని అడిగితే
నా చేతిలోది తీసుకుని, ఆడించి,
మళ్లీ నా చేతికిచ్చింది. "అంత."

వాల్వులు నూరడం నాకు రాదనుకున్నాను.
అంచుకి పేస్టు రాసి, కర్ర చివరి రబ్బరు కప్పు అతికించి,
రెండరచేతుల మధ్య ముందుకీ వెనక్కీ.
మూడో వాల్వు దగ్గర చేతులకి గుర్తొచ్చింది,
ఇది కవ్వం.
గరగర మెత్తబడి
సన్నటి బూడిదరంగు వలయం తేలింది.
వెన్న అదే.

రెండో కనెక్టింగ్ రాడ్ టోపీ విప్పితే
బేరింగు వెనక చిన్న రేకు ముక్క.
పొగాకు డబ్బాది. సగం అక్షరం ఇంకా ఎర్రగానే ఉంది.
ఎవడో, ఏ వానలోనో, ఇల్లు చేరడానికి కత్తిరించాడు.
చేరాడు. మర్చిపోయాడు.
లేదా మర్చిపోలేదు, చేతిలో డబ్బాడలేదు.
ఎక్స్‌రేల్లో చూస్తుంటాను ఇలాంటివి,
యాభయ్యేళ్ల కిందటి పిన్ను, మనిషికే గుర్తుండదు.

తప్పు పని, అంది బెరిల్.
తర్వాత కళ్లద్దాలు పెట్టుకుని ఇంకోసారి చూసింది.
"అంచులు మాత్రం ఆకురాయి పట్టాడు."
తీసేశాను. పారెయ్యలేదు.

హెడ్డు నడిమి నుంచి బిగించాలి,
దుప్పటి ముడతలు అంచులకి తోసినట్టు,
మూడు విడతల్లో.
ఆ రోజు నేను ఎవరితోనూ మాట్లాడలేదు.

ఆరేళ్ల మేదినికి మంటల వరస నేర్పాను:
ఒకటి, మూడు, నాలుగు, రెండు.
బళ్లో అలాగే లెక్కపెట్టిందట. టీచరు చీటీ పంపింది.
మా ఆవిడ దాన్ని స్పానర్ల పెట్టె మూతకి అంటించింది.

ఆదివారం. చెక్క స్టాండు మీద ఇంజను.
తీగ ముట్టించాను.
కార్బురేటర్ లోంచి ఒక్క తుమ్ము, జానెడు మంటతో.
బయల్దేరేటప్పుడు తుమ్మితే
కాసేపు కూర్చుని మంచినీళ్లు తాగాలి. తాగాను.
మళ్లీ తుమ్మింది.
బెరిల్ కుర్చీలోంచి లేవలేదు. పిల్ల వైపు చూసింది.
మేదిని ప్లగ్గు తీగల్ని వేలితో తడుముతూ,
"నాన్నా, నువ్వు నాలుగు నుంచి మొదలెట్టావ్."

తీగలు మార్చాను.
నలభై సెకన్లు తిరిగింది.
బెరిల్ రాకర్ కవరు మీద గోరు ఆనించి విన్నది.
"రెండోది కాస్త వాగుతోంది."

ఆపేశాను.
వేడి ఇనుము చల్లారుతూ టిక్కు టిక్కుమంటోంది,
ఏ వరసా లేకుండా.
మేదిని లెక్కపెట్టబోయి, మానేసింది.