బియ్యపుగింజలో సగం

చీమకుర్తి క్వారీలో పద్దెనిమిదేళ్లు
రాతిలోంచి కోర్ తీశాను.
మణికట్టంత లావు ముక్కని నీళ్లతో కడిగి, ఎండకు తిప్పి
లోపల చుక్క మెరుస్తుందా, చీలికుందా
చెప్పడం నా పని.
ఒక్కోసారి తప్పేది.
జానెడు పక్కనే పగులుండేది,
మేం తీసినచోట మాత్రం రాయి నిగనిగలాడేది.

అందుకే నెల్లూరు ఆసుపత్రిలో అడిగాను:
"సూది పక్కకు పోతే?"
డాక్టర్ నఫీసా కోప్పడలేదు.
మందుచీటీ వెనక తల గీసి
నట్టనడుమ చుక్క పెట్టింది.
"ఇంత లోతుకి కత్తితో వెళ్తే
దారిలో మాట పోవచ్చు, చెయ్యి పోవచ్చు.
సూదైతే వెళ్లి రాగలదు.
నూటికి ఇద్దరు ముగ్గురికి నెత్తురు గట్టిగానే కారుతుంది.
ఐదారుగురికి ముక్క వస్తుంది, జవాబు రాదు."

ఆదెమ్మక్క వింటోంది,
కుడిచెయ్యిని ఒళ్లో పెట్టుకుని
ఎవరిదో ఇచ్చి వెళ్లినట్టు.
టంగుటూరులో ముప్పయ్యేళ్లు పొగాకుకు గ్రేడు కట్టిన చెయ్యి.
కరెంటు పోయినా ఆగేది కాదు.
జిగురు, ఈనె, మందం తడిమి
ఏ బేలులోకో విసిరేసేది.
పోయిన వేలానికి ముందు ఆ వేళ్లు
మేలాకూ మాడాకూ ఒకటే అన్నాయి.
మేస్త్రి తిట్టాడు.
నేను నవ్వాను.

తలకు ఉక్కు చట్రం, నాలుగు మరలు.
అడ్డం, నిలువు, లోతు.
నా రిగ్గుకీ అవే మూడు లెక్కలు,
కాకపోతే నేను అడుగుల్లో కొలుస్తాను.

మెలకువగానే ఉందట లోపల.
ఏదో ఒకటి మాట్లాడుతూ ఉండమన్నారట.
ఏం మాట్లాడను తమ్ముడూ,
ఈ ఏడాది కిలో రేట్లు చెప్పుకుంటూ పోయాను, అంది.
మొదటి ముక్క చాలదని
సూదిని అక్కడే తిప్పి ఇంకోటి తీశారు.
బియ్యపుగింజలో సగం.
సాయంత్రం స్కానింగులో ఆ దారిన
కందిగింజంత నెత్తుటి మరక.
"రాత్రంతా చూద్దాం," అన్నారు.
చూశాం.
గంటగంటకీ నర్సు వచ్చి వేళ్లు ఆడించమంది.
అక్క ఆడించింది,
లేని ఆకుని పట్టుకున్నట్టు.

ఎనిమిదో రోజు కాగితం వచ్చింది.
గ్రేడ్ రెండు.
"మొత్తం ఎన్ని?"
"నాలుగు."
"ఇంతేనా! మా దగ్గర బోలెడు."
తర్వాత చాలాసేపటికి, ఎడమచేత్తో కట్టు సర్దుకుంటూ
"గ్రేడు కట్టినాయన
చూసి కట్టాడా, పట్టుకుని కట్టాడా?"

అద్దంలోంచి చూసి, అన్నాను.
జానెడు పక్కన ఏముందో
నేనడగలేదు.