తలుపు దాకా

మూడు గోతులు, ఒక నిచ్చెన, ఒక గబ్బిలం,
చివర తలుపు.
తలుపు తగలగానే ఆపెయ్యాలి. అదీ రూలు.
ఒక్కోదానికి నలభై సెకన్లు.
ఆపి, వెనక బ్యాటరీల మూత తీసి
లోపల నా నంబరు స్టిక్కరు అంటించి
బెల్టు మీదికి తోసెయ్యాలి.
నాది పదిహేడు.

తాన్‌జ ఫ్యాక్టరీలో పదమూడు నెలలు
రోజుకి ఐదొందల సార్లు
ఆ పొట్టివాణ్ణి గోతులు దాటించాను.
క్యాంటీన్లో మధ్యాహ్నం పోసే పెసల పాయసం రంగు తెర.
వాడు పరిగెడితే వాడి మసక
ఒక అడుగు వెనకబడి పరిగెత్తేది.
నిద్రలోనూ నా బొటనవేలు ఆడేదట,
హాస్టల్లో పక్క మంచం పిల్ల చెప్పేది.

తలుపు వెనక ఏముందో
మా లైనులో ఎవరికీ తెలీదు,
తొమ్మిదో నంబరుకి తప్ప.
మెయినోంగ్ నుంచి వచ్చిన హక్కా పిల్ల, ఫుంగ్‌మొయి.
ఆడకుండానే పాస్ చేసేస్తోందని
సూపర్‌వైజరుకి అనుమానం.
సముద్రం, అంది ఒకరోజు.
తలుపు తీస్తే సముద్రమేనట,
పొట్టివాడు చెప్పులు విప్పి ఒడ్డున కూచుంటాడట.
ఎనిమిది చుక్కల మనిషికి
చెప్పులెక్కడివే? అంటే
అన్నం డబ్బా మూత అడ్డం పెట్టుకుని నవ్వింది.

కంపెనీ మునిగింది.
ఆఖరి నెల జీతంలో సగానికి
మిగిలిన పెట్టెలే పంచారు.
ఇంటికెళ్ళి కూడా ఆ మొహమే చూడాలా అని
నేను తీసుకోలేదు.

మొన్న ఆదివారం పాత సామాన్ల సంతకి
కుక్కరు మూత కోసం వెళ్ళాను.
గాజు పెట్టెలో, పట్టుగుడ్డ మీద, అది.
ఆంటీ, చాలా అరుదైంది, అన్నాడు కుర్రాడు.
అరుదా!
లక్షకి పైనే వెళ్ళాయిరా ఈ చేతుల మీదుగా.
నమ్మలేదు. నాలుగు బ్యాటరీలు వేసి ఇచ్చాడు.

గోతులు మూడూ
వాడి మొహం చూస్తూనే దాటించాను.
తలుపు దగ్గర వేలు దానంతటదే ఆగింది.
అరవై రెండేళ్ళ వేలు,
ఇంకా వెనకాల సూపర్‌వైజరు
నిలబడ్డాడనే అనుకుంటోంది.
నొక్కండి ఆంటీ, అన్నాడు.

అవే మూడు గోతులు.
అదే నిచ్చెన.
గబ్బిలాలు రెండు.
అంతే.
రెండో గబ్బిలం సంగతి నాకెవరూ నేర్పలేదు,
చచ్చాను.

వెనక మూత తీసి చూశాను, పాత అలవాటు.
పసుపుపచ్చబడ్డ స్టిక్కరు మీద తొమ్మిది.
అందుకే ఎడమ బాణం అతుక్కుపోతోంది.
నిజంగానే ఆడకుండా పాస్ చేసింది, దొంగమొహంది.

పక్కన నలుపు పెంచే చక్రం ఉంటుంది.
చివరిదాకా తిప్పాను.
గోడలూ గబ్బిలాలూ చచ్చిన పొట్టివాడూ
ఒకదాన్లోకొకటి కారిపోయి
ఈ అంచు నుంచి ఆ అంచుకి
మెల్లగా ఏదో కదిలింది.
మళ్ళీ వెనక్కి.

బ్యాటరీలు అయిపోతాయి ఆంటీ, అన్నాడు.
ఇంకాసేపు చూసి ఇచ్చేశాను.

మూత మాత్రం కొన్నాను.
ఇంటికొచ్చి పెట్టి చూస్తే
ఒక వేలెడు చిన్నది.